అనంతపురం నుంచి అమెరికా పౌరసత్వ ఇంటర్వ్యూకు: ఒక తల్లిని సిద్ధం చేసిన కేసు

అనంతపురంలో పెద్దవాళ్లకు ఇంగ్లీషు నేర్పడం నా వృత్తి. మొదట్లో ఉద్యోగాల కోసం ప్రయత్నించే యువతీయువకులే ఎక్కువగా వచ్చేవారు. ఇప్పుడు పిల్లల దగ్గరికి వెళ్లి గ్రీన్‌కార్డు మీద అమెరికాలో ఉంటూ మధ్య మధ్య ఊరికి వచ్చే తల్లిదండ్రులు వస్తున్నారు. కడప, రాయచోటి వైపు నుంచి కువైట్ వెళ్లినవారు అక్కడ ఎన్నేళ్లు పనిచేసినా పౌరసత్వం అనే ప్రస్తావన రాదు. అమెరికాలో స్థిరపడిన పిల్లల తల్లిదండ్రులకు వస్తుంది. వారిలో తెలుగు మీడియంలో ఆరేడు తరగతులు చదివి ఆపినవారే ఎక్కువ. ఇంట్లో వాళ్లకు పౌరసత్వ ఇంటర్వ్యూలో పెట్టే పరీక్షను ఎలా నేర్పాలో పిల్లలకు తెలియడం లేదు. అందుకే ఒక కేసును వివరంగా రాస్తున్నాను. ఆ తల్లి అనుమతి తీసుకున్నాను. పేరు, ఊరు చెప్పడం లేదు.

నేపథ్యం

ఆమెకు 57 ఏళ్లు. ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష రాసి చదువు ఆపారు. ఆ రోజుల్లో ఇంగ్లీషు ఆరో తరగతిలో మొదలయ్యేది కాబట్టి, బడిలో ఆమెకు అందిన ఇంగ్లీషు రెండేళ్లదే. పెళ్లయ్యాక చీనీ (బత్తాయి) తోట, వేరుశనగ సాగు చూసుకున్నారు. మహిళా రిజర్వేషను వచ్చాక ఒక విడత గ్రామ పంచాయతీ వార్డు సభ్యురాలిగా కూడా ఉన్నారు. భర్త పోయాక టెక్సస్‌లో ఉన్న కొడుకు తన దగ్గరికి తీసుకెళ్లాడు. గ్రీన్‌కార్డు వచ్చి ఆరేళ్లయింది. కొడుకు 2024 చివర్లో ఆమె తరఫున పౌరసత్వ దరఖాస్తు, అంటే ఎన్-400 ఫారం, నింపి పంపాడు. 2025 మొదట్లో తన తల్లికి తుంటి ఎముక విరిగిందని తెలిసి ఆమె అనంతపురం వచ్చారు. ఇక్కడ ఉన్నన్నాళ్లూ ఉదయం పూట నా దగ్గరికి వచ్చేవారు. తిరిగి వెళ్లాక వీడియో కాల్‌లో కొనసాగించాం.

చాలా కుటుంబాలు ముందుగా అడిగే ప్రశ్న, పరీక్ష తెలుగులో రాయకూడదా అని. కొందరికి ఆ వెసులుబాటు ఉంది. దరఖాస్తు చేసే నాటికి 50 ఏళ్లు నిండి గ్రీన్‌కార్డుతో 20 ఏళ్లు ఉన్నవారికి, 55 నిండి 15 ఏళ్లు ఉన్నవారికి ఇంగ్లీషు పరీక్ష ఉండదు. చరిత్ర, ప్రభుత్వం గురించిన ప్రశ్నలకు దుబాసీ సాయంతో తమ భాషలోనే జవాబు చెప్పవచ్చు. 65 నిండి 20 ఏళ్లు ఉన్నవారికి ప్రశ్నల పట్టిక కూడా చిన్నది. ఈమెకు వయసు సరిపోయింది, ఏళ్లు సరిపోలేదు. అందుకని అంతా ఇంగ్లీషులోనే ఎదుర్కోవాలి.

పౌరసత్వం ఎందుకు కావాలని అడిగితే ఆమె చెప్పిన కారణం వినగానే నాకు ఈ కేసు మీద పట్టుదల కలిగింది. అమెరికాలో ఉండిపోవడానికి కాదు, అనంతపురంలో ఎక్కువ రోజులు ఉండడానికి! గ్రీన్‌కార్డు ఉన్నవారు ఆరు నెలలు దాటి బయట ఉంటే, అక్కడి నివాసానికి అంతరాయం కలగలేదని వాళ్లే రుజువు చేసుకోవాలి. ఏడాది దాటితే ఇబ్బంది ఇంకా పెద్దది. పౌరురాలై, భారత మూలాలున్న విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు తీసుకుంటే మంచాన ఉన్న తల్లి దగ్గర ఎంతకాలమైనా ఉండవచ్చు. తల్లికి సేవ చేయడానికి పరాయి దేశపు పౌరసత్వం తీసుకోవలసి రావడం ఈ కాలపు వలస జీవితంలో ఒక పెద్ద చిక్కు. దీన్ని తేలిగ్గా తీసుకునేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది.

మొదటి అంచనా

ఆమె ఒక రూళ్ల నోటుపుస్తకం తెచ్చారు. అందులో చరిత్ర, ప్రభుత్వం గురించిన 100 ప్రశ్నలూ, జవాబులూ తెలుగు లిపిలో, వరుస సంఖ్యలతో, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉన్నాయి. కొడుకు ఫోనులో చదివి వినిపిస్తే ఆమె రాసుకున్నారట. ఒకటో ప్రశ్న నుంచి అడుగుతూ పోతే తడుముకోకుండా చెప్పారు. అదే వరుస తప్పించి అడిగేసరికి ఆగిపోయారు. సెనేటర్లు ఎంతమంది అన్నా, ప్రతినిధుల సభలో సభ్యులెందరు అన్నా, "ఎంతమంది" అన్న మాట చెవిన పడగానే నోటి నుంచి 27 వచ్చేది. పట్టికలో సంఖ్య అడిగే మొదటి ప్రశ్న రాజ్యాంగ సవరణల గురించిది, దాని జవాబు 27. ఆమె ప్రశ్నను వినడం లేదు, తర్వాత రావలసిన జవాబును గుర్తు చేసుకుంటున్నారు.

ఇంటర్వ్యూలో ఈ 100 ప్రశ్నలు ఒక భాగం మాత్రమే. ఆమె దరఖాస్తు చేసిన నాటి నిబంధన ప్రకారం అధికారి వాటిలో 10 వరకు అడుగుతారు, 6 సరిగ్గా చెబితే చాలు. చదవడానికి మూడు వాక్యాల వరకు ఇస్తారు, ఒకటి సరిగ్గా చదవాలి. రాయడానికి మూడు చెబుతారు, ఒకటి సరిగ్గా రాయాలి. ఇంగ్లీషు మాట్లాడగలరా లేదా అన్నది మాత్రం ఈ మూడింటిలోనూ తేలదు. ఎన్-400 ఫారంలోని ప్రశ్నలు అధికారి అడుగుతుంటే ఆమె ఎలా అర్థం చేసుకుని జవాబిస్తారో, దాన్ని బట్టి తేలుస్తారు. ఆ ఫారం ప్రతిని ఆమె అప్పటిదాకా చూడనే లేదు.

కొడుకును అడిగి తెప్పించాను. "నువ్వు అన్నిటికీ నో అని చెప్పమ్మా అన్నాడు మేడం. దేనికి నో అంటున్నానో నాకు తెలియదు" అన్నారు ఆమె. నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లందరి అసలు సమస్య ఈ ఒక్క మాటలో ఉంది. ఆ నోటుపుస్తకాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టమని చెప్పాను. ముందు ఫారం, ఆ తర్వాతే 100 ప్రశ్నలు. ఈ వరుస మార్చకూడదన్నది నా గట్టి అభిప్రాయం. మాట్లాడే భాగంలో తప్పితే చరిత్ర ప్రశ్నలన్నీ సరిగ్గా చెప్పినా గట్టెక్కరు.

ఫారం చదవడం

ఒక్కో ప్రశ్నను ముందు తెలుగులో అర్థం చెప్పి, ఆమె జవాబు తెలుగులోనే పూర్తిగా విని, తర్వాత దాన్ని చిన్న ఇంగ్లీషు వాక్యంగా మార్చాం. పేరు దగ్గరే కొంత పని పడింది. మన ఇంటిపేరు పాస్‌పోర్టులో ఎక్కడ ఉందో, అధికారి ఏ పేరుతో పిలుస్తారో తెలియకపోతే మొదటి ప్రశ్నకే తడబాటు వస్తుంది. తేదీలు అమెరికా పద్ధతిలో నెల ముందు, రోజు తర్వాత చెప్పాలి. అయిదేళ్లలో దేశం బయటికి వెళ్లిన ప్రయాణాలన్నీ ఫారంలో ఉంటాయి, వాటి గురించి అడుగుతారు. ఆమెకు అవి పండుగలతో గుర్తు. "ఉగాదికి ముందు వచ్చాను, శ్రావణం రాకముందే వెళ్లాను" అనేవారు. గోడ మీది తెలుగు క్యాలెండర్ దించి, ఏ పండుగ ఏ ఇంగ్లీషు నెలలో వచ్చిందో ఆమె చేతే వెతికించి, పాస్‌పోర్టు ముద్రలతో సరిచూసుకున్నాం. ఆ వెతుకులాటలో నెలల పేర్లు చదవడం, రాయడం కూడా వచ్చేశాయి.

తర్వాత వచ్చాయి "హావ్ యూ ఎవర్" అని మొదలయ్యే ప్రశ్నలు. ఎప్పుడైనా అరెస్టయ్యారా, పౌరురాలినని అబద్ధం చెప్పారా, ఓటరుగా నమోదయ్యారా, ఎవరినైనా హింసించడంలో పాలుపంచుకున్నారా, వ్యభిచారం చేశారా. వీటి అర్థం తెలిసినప్పుడు ఆమె ముఖం ఎర్రబడింది. "ఇవన్నీ నన్నడుగుతారా?" అన్నారు. అందరినీ అడుగుతారని, మీ మీద అనుమానంతో కాదని చెప్పాను. ఇంట్లో కొడుకు ఈ అర్థాలు చెప్పలేకపోవడానికి కారణం కూడా అప్పుడే తెలిసింది. తల్లికి ఆ మాటలు ఎలా చెప్పాలో అతనికి నోరు రాలేదు. ఇలాంటిచోట బయటి మనిషి, అందులోనూ ఒక ఆడమనిషి చెప్పడం మంచిదని నా అనుభవం. అధికారులు కొన్నిసార్లు "ఆ మాటకు అర్థం ఏమిటి?" అని ఎదురు అడుగుతారు. "నో" ఒక్కటే నేర్చుకున్నవారు అక్కడ చిక్కుకుంటారు.

ఆయుధం పట్టే ప్రశ్న దగ్గర ఆమె బెంగ పడ్డారు. చట్టం కోరితే అమెరికా తరఫున ఆయుధం పడతారా అని ఫారంలో ఉంటుంది. "ఈ వయసులో నాకు తుపాకీ ఇస్తారా మేడం?" అని నిజంగానే భయపడ్డారు. చట్టం తప్పనిసరి చేస్తేనే అన్న షరతు ఉందని, ఆయుధం లేని సేవ గురించి, పౌర అధికారుల కింద చేసే పని గురించి విడిగా ప్రశ్నలున్నాయని వివరించాను. ఒప్పుకోవాలా వద్దా అన్నది ఆమె మనస్సాక్షికి సంబంధించిన విషయం. టీచరుగా నేను అర్థం మాత్రమే చెప్పాలి.

ఈ కేసులో అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించవలసి వచ్చిన ప్రశ్న మరొకటి. ప్రపంచంలో ఎక్కడైనా కమ్యూనిస్టు పార్టీలో సభ్యులుగా ఉన్నారా, దానితో ఏ రకమైన సంబంధమైనా ఉందా? కొడుకు "లేదు" అని నింపాడు. డాలస్‌లో పెరిగిన కుటుంబానికి అది అడగనక్కరలేని ప్రశ్నలా కనిపించవచ్చు. అనంతపురం జిల్లాలో అలా కాదు. 1952 ఎన్నికల్లో నీలం సంజీవరెడ్డిని ఓడించిన కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి జిల్లా ఇది. వ్యవసాయ కూలీల సభలకు, మంచినీళ్ల కోసం చేసిన ధర్నాలకు వెళ్లనివాళ్లు ఇక్కడి పల్లెల్లో ఎంతమంది ఉంటారు? అర్థం చెప్పగానే ఆమె మామూలుగా అన్నారు: "మా మరిది పార్టీలో ఉండేవాడు. కూలి పెంచాలని సభ పెడితే మేమందరం పోయినాం. వార్డుకు నిలబడినప్పుడు కూడా వాళ్లే సాయం చేశారు. కార్డు మాత్రం తీసుకోలేదు."

ఇది సంబంధం కిందికి వస్తుందా రాదా అని చెప్పడం నా పని కాదు. ఎన్నో ఏళ్ల కిందటి సంగతి కదా, వదిలేయండి అని చెప్పడం కూడా నా పని కాదు. ప్రమాణం చేసి చెప్పే మాట ఇది. చిన్న విషయాన్ని దాచినా, ఆ దాచడమే పెద్ద నేరమై కూర్చుంటుంది. కొడుకుతో మాట్లాడి, అక్కడ ఇమిగ్రేషన్ లాయరును కలవమన్నాను. జరిగింది జరిగినట్టు చెప్పాలని, ఇంటర్వ్యూ మొదట్లోనే ఫారంలో ఆ జవాబును సవరించమని అడగాలని లాయరు సూచించారు. ఇంటర్వ్యూలో ఫారాన్ని సవరించుకునే వీలుంది. అధికారి ఆ మార్పులు నమోదు చేసి సంతకం తీసుకుంటారు. ఆ సంగతి చెప్పడానికి కావలసిన నాలుగు వాక్యాలను మేము అన్నిటికన్నా ఎక్కువసార్లు సాధన చేశాం. సభలకు వెళ్లాను, కూలి కోసం, నీళ్ల కోసం, సభ్యత్వం తీసుకోలేదు. అవి ఆమె జీవితంలోంచి వచ్చిన వాక్యాలు. వాటిని ఆమె ఒక్కసారి కూడా మరిచిపోలేదు.

చరిత్ర, ప్రభుత్వం

ఫారం పూర్తయ్యాక 100 ప్రశ్నలకు వచ్చాం. ఆమె వార్డు సభ్యురాలిగా చేయడం ఇక్కడ ఎంతో ఉపయోగపడింది. మన పల్లెల్లో సర్పంచును ఇప్పటికీ ప్రెసిడెంటు అనే అంటారు. ప్రెసిడెంటు చనిపోతే ఎవరు ఆ బాధ్యత తీసుకుంటారన్న ప్రశ్నకు ఆమె నన్నే తిరిగి అడిగారు, "ఉపసర్పంచు కాదా?" అని. వైస్ ప్రెసిడెంటు అన్న జవాబు ఇక ఆమెకు చెప్పనక్కరలేకపోయింది. ఎన్నిక, పదవీకాలం, తీర్మానం, ఓటు, బడ్జెటు, ఇవన్నీ ఆమె చేతుల మీదుగా జరిగిన పనులు. సెనేటర్ల పదవీకాలం ఆరేళ్లు, ప్రతినిధులది రెండేళ్లు అంటే, "రెండేళ్లలో ఏం పని చేస్తారు?" అని ఆశ్చర్యపోయారు. అలా ఆశ్చర్యపడిన సంగతి మరిచిపోరు.

స్వాతంత్ర్య పోరాటం గురించి చెప్పేటప్పుడు నేను దత్త మండలాల నుంచి మొదలుపెట్టాను. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాడు. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి రైతు రైతుకూ విడిగా శిస్తు నిర్ణయించాడు. మన్రో కథలు మన జిల్లాలో ఇప్పటికీ చెప్పుకుంటారు, ఆమె కూడా చిన్నప్పుడు విన్నారు. అదే బ్రిటిషువారి మీద అమెరికాలోని వలసవాసులు అంతకు ముందే ఎందుకు తిరగబడ్డారో అప్పుడు చెప్పాను. పన్నులు ఎక్కువ, తమను తాము పాలించుకునే హక్కు లేదు, బ్రిటిషు సైనికులు వాళ్ల ఇళ్లలోనే మకాం పెట్టారు. 1776 జులై 4న స్వాతంత్ర్య ప్రకటన, 1787లో రాజ్యాంగం. మన రాజ్యాంగ పీఠిక, వాళ్ల పీఠిక రెండూ "ప్రజలమైన మేము" అన్న మాటతోనే మొదలవుతాయని చెప్పినప్పుడు ఆమె ఆ వాక్యాన్ని రెండు భాషల్లోనూ నోటుపుస్తకంలో రాసుకున్నారు.

నోరు తిరగని పేర్లున్న కొన్ని ప్రశ్నలను కావాలనే వదిలేశాం. పదిలో ఆరు చాలినప్పుడు, ఫెడరలిస్ట్ వ్యాసాలు రాసినవారి పేర్ల మీద పెట్టే సమయాన్ని వినడం మీద పెట్టడం మేలు. గవర్నరు, సెనేటరు వంటి పదవుల్లో ఉన్నవారి పేర్లను మాత్రం ఇంటర్వ్యూ దగ్గర పడ్డాక తాజాగా చూసుకోవాలి. పాత పట్టికలోని పేరు చెబితే తప్పవుతుంది.

చెవి, చేయి

నా గొంతుకు అలవాటు పడ్డాక నేను ఏమడిగినా ఆమెకు అర్థమయ్యేది. ఇది మంచి సూచన అనుకుంటే పొరపాటే. అందుకని వేరే గొంతులు పిలిపించాను. రిటైరైన ఒక బ్యాంకు ఉద్యోగి, ఇంజినీరింగ్ చదివే పిల్లలు, వీడియో కాల్‌లో అక్కడే పుట్టి పెరిగిన ఆమె మనవరాలు. మనవరాలి ఇంగ్లీషే ఆమెకు అన్నిటికన్నా కష్టమైంది. "ట్వెంటీ" బదులు "ట్వెన్నీ", "సిటీ" బదులు "సిడీ" అని వినిపిస్తుంటే ఆమె మొదట్లో నవ్వేసి ఊరుకునేవారు. అధికారి కూడా అలాగే మాట్లాడతారని చెప్పాక ఆ పిల్లనే రోజూ ప్రశ్నలు అడగమన్నారు. నానమ్మ, మనవరాలు ఇంగ్లీషులో అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదటిసారని కొడుకు నాతో అన్నాడు.

దయచేసి మళ్లీ చెప్పండి, నెమ్మదిగా చెప్పండి, ఆ మాట నాకు అర్థం కాలేదు. ఈ మూడు వాక్యాలను మొదటి వారం నుంచే నేర్పాను. మన పల్లె ఆడవాళ్లకు అధికారిని ఎదురు అడగడం మర్యాద కాదన్న భావం బలంగా ఉంటుంది. అర్థం కాకపోయినా తలూపుతారు. పౌరసత్వ ఇంటర్వ్యూలో తలూపడం చాలా ప్రమాదం. అడిగితే అధికారి మళ్లీ చెబుతారు, మాట మార్చి కూడా చెబుతారు. కాబట్టి తలూపినప్పుడల్లా నేను ఆగి, "ఇప్పుడు నేనేమడిగాను అక్కా, తెలుగులో చెప్పండి" అనేదాన్ని. చెప్పలేకపోతే ఆ మూడింటిలో ఒకటి అనాలి. ఈ అలవాటు పడడానికి చరిత్ర మొత్తం నేర్చుకున్నంత సమయం పట్టింది.

చదవడం, రాయడం కోసం ప్రభుత్వమే పదాల పట్టికలు ప్రచురించింది. వాక్యాలన్నీ ఆ పదాలతోనే తయారవుతాయి. వాటితో రోజూ కొన్ని వాక్యాలు. కామా ఒకటి తప్పినా ఫర్వాలేదు, అర్థం చెడకూడదు.

ఇంటర్వ్యూ, ఆ తర్వాత

2025 వేసవిలో డాలస్ ప్రాంతంలో ఇంటర్వ్యూ జరిగింది. కుడి చేయి ఎత్తి ప్రమాణం చేయించాక ఆమె మొదటగా చెప్పింది సవరణ సంగతే. అధికారి సభల గురించి రెండు మూడు ప్రశ్నలు అడిగి, రాసుకుని, ముందుకు సాగారట. "మళ్లీ చెప్పండి" అని ఆమె చాలాసార్లు అడిగారు. చరిత్ర ప్రశ్నల్లో ఒకటి తప్పింది, ఆరు పూర్తి కాగానే ఆపేశారు. చదివే వాక్యం మొదటిదే సరిపోయింది. రాసేది రెండో ప్రయత్నంలో వచ్చింది. అక్కడే పాసయ్యారు. ఒకవేళ ఏదైనా భాగం తప్పినా, 60 నుంచి 90 రోజుల్లోపు ఆ భాగానికే మళ్లీ పరీక్ష పెడతారు. ఈ సంగతి నేను ముందే చెప్పి ఉంచాను, భయం సగం తగ్గించింది అదే.

ఈ బోధన వల్ల ఆమెకు ఇంగ్లీషు వచ్చేసిందని చెప్పను. ఫోనులో ఆసుపత్రివారు మాట్లాడితే ఇప్పటికీ కొడుకుకే ఇస్తారు. తన గురించి తాను చెప్పుకోగలరు, తెలియనిది అడగగలరు. ఈ కేసులో నేను పెట్టుకున్న లక్ష్యం అంతే.

ఒక విషయంలో మాత్రం కుటుంబాలను గట్టిగా కోరుతున్నాను. దరఖాస్తు పంపేముందే పోయేదేమిటో పెద్దవాళ్లకు చెప్పండి. భారత చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. వేరే దేశపు పౌరసత్వం తీసుకుంటే ఇక్కడిది పోతుంది, పాస్‌పోర్టు అప్పగించాలి, ఓటు ఉండదు. ఊళ్లో ఓటు పోతుందని చదువు మధ్యలో తెలిసి, ఒకప్పుడు ఓట్లు అడిగి గెలిచిన ఆ మనిషి రెండు రోజులు క్లాసుకు రాలేదు. చీనీ తోట గురించి కూడా కంగారు పడ్డారు. ఓసీఐ కార్డుతో వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు. అయితే ఇక్కడ నివాసం ఉన్నప్పుడు సంపాదించిన భూమిని ఉంచుకోవచ్చు, ఇక్కడివారి నుంచి వారసత్వంగా పొందవచ్చు. కాగితాలన్నీ తీసుకుని ఆడిటరు దగ్గరికి వెళ్లి ఆ మాట స్వయంగా విన్న తర్వాతే ఆమె మనసు కుదుటపడింది.

మారిన పరీక్ష

2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు చేసేవారికి ప్రశ్నల పట్టిక 128కి పెరిగింది. అధికారి 20 వరకు అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. 12 సరైనా, 9 తప్పినా అక్కడితో ఆపేస్తారు. 65 నిండి 20 ఏళ్లు గ్రీన్‌కార్డుతో ఉన్నవారికి మాత్రం ఎంపిక చేసిన 20 ప్రశ్నల్లోంచి 10 అడిగి, 6 చాలంటారు. పదిలో ఆరైనా, ఇరవైలో పన్నెండైనా నిష్పత్తి ఒకటే. కానీ ఇంతకు ముందు ఆరు జవాబులతో ముగిసే వినికిడి ఇప్పుడు పాసవ్వాలంటే కనీసం పన్నెండు దాకా సాగాలి. అలసిన చెవికి చివరి ప్రశ్నలు అందవు. అందుకని మాదిరి ఇంటర్వ్యూలు నిడివి పెంచి పెడుతున్నాను. చరిత్ర ప్రశ్నలను ఫారం ప్రశ్నల తర్వాతే, ఆమె లేదా ఆయన కొంచెం అలసిన తర్వాతే అడుగుతున్నాను.

ఇప్పుడు కర్నూలు నుంచి వీడియో కాల్‌లో నేర్చుకుంటున్న దంపతులు ఉన్నారు. వాళ్ల దరఖాస్తు ఇంకా వెళ్లలేదు. ప్రతి గడికీ జవాబు వాళ్ల నోటి నుంచే రావాలని, అంతవరకు ఫారం పంపవద్దని వాళ్ల కూతురిని అడిగాను. ఆమె ఆదివారాలు కూర్చుని ఒక్కో పేజీ తెలుగులో చదివి వినిపిస్తోంది. చెప్పడానికి ఆమెకు నోరు రాని ప్రశ్నలను నాకు వదిలేస్తోంది.